నాన్నగారి బుల్లెట్టు

ఏలూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. అందులో మూడు పేజీలు మోటారు సైకిలు గురించీ, ఒక పేజీ వారి అమ్మగారి గురించీ. పేరు ప్రకటించవద్దన్నారు గనుక ప్రకటించడం లేదు.

సంగతి ఇది. వారి నాన్నగారు 1978లో కొన్న 350 సి.సి. బుల్లెట్టు ఒకటుంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ బండి పెరట్లో రేకుల షెడ్డు కింద పాత దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. ‘తుక్కు కింద అమ్మేద్దాం, చోటు కలిసివస్తుంది’ అంటారు అన్నగారు. ‘నేనుండగా అమ్మడానికి వీల్లేదు’ అంటారు అమ్మగారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. ఆ బండి వెనక కూర్చుని ద్వారకా తిరుమలా, అన్నవరమూ వెళ్ళిన మనిషి. అరకు కూడా తీసుకువెళతానని ఆయన ఏటా అనేవారట. ఏటా ఏదో ఒకటి అడ్డు వచ్చేది. ఇప్పుడు చిన్నబ్బాయి, అంటే మన పాఠకుడు, బండి బాగుచేయించి సంక్రాంతి వెళ్ళగానే అమ్మగారిని ఎక్కించుకుని అరకు దాకా వెళ్ళాలనుకుంటున్నారు.

బండిని ఇద్దరు మేస్త్రీలకు చూపించారట. మొదటాయనది అద్దాల షాపు. ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఇంజను 500 సి.సి.కి పెంచుదాం, అలాయ్ చక్రాలు వేద్దాం, సైలెన్సరు మార్చి ‘సౌండు’ తెప్పిద్దాం, నల్లరంగు కొడదాం అని కాగితం మీద లెక్క వేసి ఇచ్చారు. లెక్క లక్ష దాటింది. రెండో ఆయన నాన్నగారి రోజులనుంచీ ఆ బండి చూసిన ముసలి మేస్త్రీ. ఆయన లెక్క వెయ్యలేదు. ‘ముందు బ్రేకు డ్రమ్ములు విప్పి చూద్దాం బాబూ, తరువాత మాట్లాడుకుందాం’ అన్నారట. ‘ఇద్దరిలో ఎవరికి ఇవ్వమంటారు?’ అని వారి ప్రశ్న.

రెండో ఆయనకి ఇవ్వండి. జవాబు అంతే. కాని ఎందుకో చెప్పకపోతే రేపు అన్నగారు అడిగితే మీరు చెప్పలేరు. అదీగాక, దుప్పటి కప్పుకున్న బుల్లెట్లు మన జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి. వాటిని నిద్రలేపాలనుకునే కొడుకులూ, మనమలూ ఈ మధ్య ఎక్కువయ్యారు.

ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెబుతాను. బుల్లెట్టు అన్న పేరు ఇంగ్లండులో 1932 నాటిది. మన సైన్యం వీటిని కొనడం మొదలుపెట్టాక, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. తిరువొత్తియూరులో తయారీ సాగింది. రెడ్డిచ్ అనే ఊళ్ళోని అసలు కంపెనీ 1970 నాటికే కాలం చేసింది. ఇక్కడి పిల్ల కంపెనీ మాత్రం ఆ పోత ఇనుము సిలిండరు ఇంజనునే 2010 ప్రాంతం దాకా తయారుచేస్తూ వచ్చింది. తల్లి పోయినా బిడ్డ బతికి బట్టకట్టడం వల్ల మీకు లాభమేమంటే, 1978 నాటి బండికి నేటికీ సామాను దొరుకుతుంది. అంచేత ‘తుక్కు’ అన్న అన్నగారి మాట ఒప్పుకోనక్కర్లేదు.

పానా పట్టుకోకముందు కాగితాల పని చూడండి. బండి ఇంకా నాన్నగారి పేరనే ఉందని మీ ఉత్తరంలో ఒక మూల వ్రాశారు. యజమాని పోయినప్పుడు వారసుడు ఫారం 31 పెట్టుకుని తన పేరుకి మార్పించుకోవాలి. దీనికి మూడు నెలల గడువు. మీరు ఎప్పుడో దాటించారు, కాబట్టి ఆలస్యానికి కట్టవలసింది కట్టండి. 15 ఏళ్ళు నిండిన సొంత బండికి ఆ పైన 5 ఏళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. అదీ చూసుకోండి. ఇన్సూరెన్సు మీ పేర లేకుండా రోడ్డెక్కకండి. ఏదైనా జరిగిన రోజున కంపెనీవారు మొట్టమొదట చూసేది ఆ కాగితమే.

ఇక బండి. ఆరేళ్ళుగా నిలబడ్డ బుల్లెట్టును చూడగానే ఎవరికైనా కాలు దురద పెడుతుంది, ఒక కిక్కు కొట్టి చూద్దామని. కొట్టకండి. ఈ ఇంజనులో ఆయిలు ఉండే చోటు వేరు, పనిచేసే చోటు వేరు. ఆయిలు అరలోనుంచి ఒక పంపు దాన్ని క్రాంకుకి తోస్తుంది, ఇంకొక పంపు కిందికి దిగినదాన్ని వెనక్కి లాగుతుంది. బండి నెలల తరబడి నిలబడితే ఆయిలు మెల్లగా కిందికి కారి క్రాంకు దగ్గర మడుగు కడుతుంది. అప్పుడు మూత తీసి చూసిన కొత్తవాడు ‘ఆయిలు లేదే’ అనుకుని ఇంకో లీటరు పోస్తాడు. స్టార్టు చేస్తే పెరడంతా నీలం పొగ. కిందికి దిగిన ఆ ముసలి ఆయిలంతా ముందు తీసెయ్యండి. కొత్త ఫిల్టరు వేసి, 20డబ్ల్యు-50 ఆయిలు పోయించండి. ప్లగ్గు ఊడదీసి, ఆ కన్నంలోంచి చెంచాడు ఆయిలు పోసి, చేతితోనో కాలితోనో నెమ్మదిగా కిక్కు రాడ్డును తొక్కుతూ ఇంజను తిప్పండి. పైన రాకర్ల దగ్గరకి వెళ్ళే సన్నని గొట్టం బోల్టు వదులుచేసి ఉంచితే, కాసేపటికి అక్కడ ఆయిలు చెమర్చాలి. అది చెమర్చేదాకా ప్లగ్గు పెట్టవద్దు. చెమర్చకపోతే పంపులు విప్పవలసిందే. ఈ ఇంజనుకి ప్రాణం ఆ ఆయిలు చుక్కలోనే ఉంది. క్రాంకు పిన్ను దగ్గర కొత్త బండ్లకుండే రోలరు బేరింగు కాదు, తేలే బుష్షు ఉంటుంది. ఆయిలు పొర లేకుండా అది ఎంతోసేపు నిలవదు.

మేస్త్రీ అసలు బుల్లెట్టు మేస్త్రీయో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ‘ట్యాపెట్ల గ్యాపు ఎంత పెడతారండీ?’ అని అమాయకంగా అడగండి. ఆయన ఏదో అంకె చెప్పి ఫీలరు గేజి తీస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. పాత బుల్లెట్టుకి గ్యాపు లేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్డు వేళ్ళమధ్య సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. లెక్క అంతే. ఇంకొకటి. ఆయిలు పంపులను తిప్పే మర నట్టుది ఎడమ చుట్టు. అది తెలియని కుర్రవాడు మామూలు నట్టనుకుని బలమంతా ఉపయోగిస్తాడు. ఆ బలానికి ఏదో ఒకటి విరుగుతుంది. అలాగే ఈ కాలపు బండిలో చాలా బోల్టులు ఇంచీ కొలతవి. మిల్లీమీటర్ల పానా పట్టీ పట్టనట్టు పట్టి మూలలు అరగదీస్తుంది. ఇంచీ పానాల సెట్టు ఒకటి కొనుక్కోండి. మొదటాయన లెక్కలోని రంగు ఖర్చుకంటే అది చౌక.

పెట్రోలు సంగతి నాన్నగారి రోజులకూ ఇప్పటికీ బాగా మారింది. 2023లో ఇథనాలు 20 పాళ్ళు కలిపిన పెట్రోలు మన బంకుల్లోకి రావడం మొదలైంది. ఇప్పుడు చాలాచోట్ల దొరికేది అదే. ఈ బండి పుట్టినప్పుడు అలాంటి పెట్రోలు వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇథనాలు నీటిని పీలుస్తుంది. బండి ఊరికే నిలబడితే ఆ నీరు టాంకీ అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. పాత రబ్బరు గొట్టాలనూ వాషర్లనూ మెత్తబరుస్తుంది, లేదా పగలగొడుతుంది. అందుచేత టాంకీ కడిగించి, గొట్టం, ట్యాపు వాషర్లు, కార్బ్యురేటరు గాస్కెట్లు కొత్త పెట్రోలుకు తట్టుకునే రకానివి వేయించండి. లీటరుకి ఇథనాలు ఇచ్చే శక్తి పెట్రోలు ఇచ్చేదానిలో మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, కంగారుపడవద్దు. కంగారుపడవలసింది ఇంకొకటుంది. ఇథనాలులోనే కొంత ప్రాణవాయువు ఉండడం వల్ల మిశ్రమం పలచబడి ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది. మెయిను జెట్టు ఒక సైజు పెంచి, ఇరవై కిలోమీటర్లు నడిపి, ప్లగ్గు తీసి చూడండి. ముక్కు బిస్కత్తు రంగులో ఉంటే సరి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంకా పలచగా ఉన్నట్టు. ప్రయాణం ముగిశాక బండిని నెల దాటి ఉంచేటట్టయితే టాంకీ, కార్బ్యురేటరూ ఖాళీ చెయ్యండి.

ఇప్పుడు ఆ ముసలి మేస్త్రీ అన్న మాట దగ్గరకి వద్దాం. ‘ముందు బ్రేకు డ్రమ్ములు.’

ఒక చిన్న లెక్క చూడండి. బండి బరువు సుమారు 170 కిలోలు. మీరు 70, అమ్మగారు 60, సామాను 20 అనుకుందాం. మొత్తం 320. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంత బరువు అంత ఎత్తునుంచి దిగి వచ్చేటప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 28 లక్షల జౌళ్ళు. ఇది వంటింటి భాషలో ఎంతంటే, తొమ్మిది పది లీటర్ల చన్నీళ్ళను మరిగే స్థితికి తేగలిగినంత వేడి. ఈ వేడి ఎక్కడికో పోవాలి. కొంత గాలికి పోతుంది. మిగిలినదాన్ని ఇంజనన్నా మోయాలి, బ్రేకులన్నా మోయాలి. పెట్రోలు ఆదా అనుకుంటూ న్యూట్రలులో దిగేవాడు ఆ మోత మొత్తం రెండు చిన్న డ్రమ్ముల మీద పెడుతున్నాడు. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు తప్పుతుంది, లీవరు హాండిలుకి తగులుతున్నా బండి ఆగదు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి అని పాత డ్రైవర్లు చెప్పేవారు. ఈ బండికి ఆ ఘాటులో రెండో గేరు.

మరి ఆరేళ్ళు నిలబడ్డ డ్రమ్ములో ఏముంటుంది? ఈ షూలకు లైనింగు జిగురుతో అంటించి ఉంటే, దాని కింద తుప్పు పాకి ఉంటుంది. పైకి చూస్తే లావుగా, కొత్తగా కనిపిస్తుంది. మేడిపండు అనుకోండి. గట్టిగా బ్రేకు పట్టినరోజున అది పెళ్ళగిలి, డ్రమ్ములో అడ్డం పడి, చక్రాన్ని ఒక్కసారిగా బిగించేస్తుంది. అందుకని ఎంత మందం ఉన్నా సరే, పాత షూలు పారేసి కొత్తవి వేయించండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాసు ఉండవచ్చు. ఆ పొడిని నోటితో ఊదడం మన మేస్త్రీలకు అలవాటు. ఊపిరితిత్తులకు అది విషం. తడిగుడ్డతో తుడవమని చెప్పండి. డ్రమ్ము గుండ్రంగా ఉందో కోడిగుడ్డు ఆకారానికి తిరిగిందో లేతు మీద చూపించండి. కేబులు కొత్తది వేసి, బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబులుకీ డ్రమ్ము మీది లీవరుకీ మధ్య మూలమట్టం ఏర్పడేట్టు అమర్చితే, అదే బ్రేకు ఇంకొంత బలంగా పడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంత చేసినా ముందు బ్రేకు చాలదనిపిస్తే, అప్పుడు మెరుగు చెయ్యండి. డబ్బు పెట్టవలసిన చోటు అదే. తరువాతి బుల్లెట్లకు కంపెనీయే 7 అంగుళాల ముందు డ్రమ్ము వేసింది. అందులో రెండు షూలూ చక్రం తిరిగే దిశలోకే ఒరుసుకుని తమంత తామే బిగుసుకుంటాయి. పట్టు బాగా పెరుగుతుంది. ఒక్క చిక్కు: ఎత్తు మీద ఆగినప్పుడు బండి వెనక్కి జారుతుంటే ఆ ముందు బ్రేకు అంతగా పట్టదు. వెనక బ్రేకు కూడా తొక్కి ఉంచాలి. డిస్కు బ్రేకు వేసేవారూ ఉన్నారు గాని, దానికి చక్రం, ఫోర్కు అన్నీ మార్చాలి. రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది కనుక, ఏ మార్పయినా రవాణా కార్యాలయంలో అడిగి చెయ్యడం మేలు.

బ్రేకుల విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం డ్రమ్ములో లేదు, మీ కాలిలో ఉంది. రోజూ నడిపేది కొత్తకాలపు బండి అని వ్రాశారు. దానికి కుడికాలి కింద బ్రేకు, ఎడమకాలి కింద గేరు. నాన్నగారి బండికి సరిగ్గా తలక్రిందులు: కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. అందులోనూ మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి. ఇప్పుడు ఆలోచించండి. మలుపు తిరగగానే ఎదురుగా ఒక బస్సు. ఆలోచనకి వ్యవధి లేదు, కాలే ఆలోచిస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ మీ కుడికాలు గట్టిగా కిందికి తొక్కుతుంది. బండి ఆగదు సరికదా, రెండో గేరులోంచి మూడో గేరులో పడి ఇంకా తేలిగ్గా దొర్లుతుంది. అద్దాల షాపు మేస్త్రీ కాగితంలో ఈ సంగతి ఎక్కడా లేదు. దీనికి సామాను లేదు, సాధనే. ఒక నెల రోజులు కొత్త బండి తాళం అమ్మగారికి ఇచ్చేసి, కూరలకి వెళ్ళినా ఆఫీసుకి వెళ్ళినా దీని మీదే వెళ్ళండి. కుక్క అడ్డం వస్తే మీ ఎడమకాలు తనంత తాను కదిలిన రోజున మీరు ఈ బండికి డ్రైవరు.

దీపాల మాట. ఆ కాలపు బుల్లెట్లవి 6 వోల్టులు. రాత్రిపూట వాటి వెలుతురు గురించి వెనక కూర్చున్న అమ్మగారినే అడగండి, మీకంటే బాగా చెబుతారు. 12 వోల్టులకు మార్చుకోవడం మంచి మార్పు. దాని గుట్టు కేవలం బల్బులో లేదు. 36 వాట్ల బల్బు 6 వోల్టుల మీద 6 ఆంపియర్లు లాగుతుంది, 12 వోల్టుల మీద 3 ఆంపియర్లే. పాత వైరింగులో ఎక్కడో తుప్పు పట్టిన ఒక అతుకు పదో వంతు ఓము అడ్డు చెబుతోందనుకోండి. 6 వోల్టుల బండిలో అక్కడే 0.6 వోల్టు పోతుంది, అంటే పదోవంతు. 12 వోల్టుల బండిలో పోయేది 0.3 వోల్టు, నలభయ్యో వంతు. అదే అతుకు, అదే తుప్పు, నష్టంలో ఎంత తేడా చూడండి. అయితే బాటరీ ఒక్కటి మారిస్తే చాలదు. రెగ్యులేటరు, కాయిలు, హారను, బల్బులు అన్నీ మారాలి. ఆల్టర్నేటరుకి ఓపిక ఉందో లేదో కొలిపించాలి. కారుకి వేసే పెద్ద బల్బు తెచ్చి పెడితే బాటరీని రాత్రికి రాత్రి తాగేస్తుంది. వైర్లు మాత్రం కొత్తవి లాగించండి. 1978 నాటి తొడుగులు చేత్తో పట్టుకుంటే పొడిపొడి అవుతాయి.

12 వోల్టులు అయ్యాక ఎలక్ట్రానిక్ ఇగ్నిషను గురించి ఆలోచించవచ్చు. పాయింట్లు ఉన్న చోటే అది అమరుతుంది, పైకి ఏ తేడా కనిపించదు. పాయింట్లు అరుగుతాయి, గ్యాపు మారుతుంది, స్పార్కు వేళ తప్పుతుంది. ఎలక్ట్రానిక్‌లో ఆ గొడవ లేదు. కాని నడిరోడ్డున అది పోతే ఎవరూ బాగుచెయ్యలేరు. పాయింట్లయితే మీరే ఎమరీ కాగితంతో రుద్ది, 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు గ్యాపు పెట్టుకుని సాగిపోవచ్చు. కాబట్టి విప్పిన పాయింట్ల ప్లేటు పారెయ్యక గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో ఉంచండి. ఇంకో చిన్న బాధ ఏమంటే, ఆంపియరు మీటరు ముల్లు చూస్తూ పిస్టనును పైకి తెచ్చి, డికంప్రెషను లీవరు నొక్కి, కొంచెం దాటించి, నిండుగా ఒక కిక్కు కొట్టడం అనే ఆ పాత మర్యాద ఉందే, చాలా ఎలక్ట్రానిక్ సెట్లతో ఆ ముల్లు కదలదు. నాన్నగారు మీకు ఆ విద్య నేర్పి ఉంటే పాయింట్లే ఉంచుకోండి. ఇందులో నాకు పక్షపాతం ఉందని పాఠకులు గ్రహించే ఉంటారు.

ఇక ఆ లక్ష రూపాయల లెక్క. ఈ ఇంజను 346 సి.సి., శక్తి సుమారు 18 గుర్రాలు. క్రాంకు, బుష్షు, గేరు పెట్టె, బ్రేకులు అన్నీ ఆ 18 గుర్రాలకు సరిపోయేట్టు చేసినవి. పై భాగం మార్చి 500 చేస్తే గుర్రాలు పెరుగుతాయి, కింద వాటిని పట్టుకునే పగ్గం పెరగదు. ఏం సాధించడానికి? ఘాటులో మీరు నడపవలసిన వేగం గంటకి 25, 30 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద ఈ బండికి హాయి 60, 65 దగ్గర ఉంది. ఇంజను పొగ తాగుతుంటే సిలిండరు కొలిపించి, అరిగితే బోరింగు చేయించి ఓవర్ సైజు పిస్టను వేయించండి. అది మరమ్మతు. అలా చేయిస్తే మొదటి వెయ్యి కిలోమీటర్లు 50 దాటకుండా నడపాలి. కొత్త పిస్టను బిగుతుగా ఉంటుంది. వేడెక్కితే సిలిండరుని పట్టేసుకుంటుంది. సంక్రాంతి ఎన్ని వారాలుందో లెక్క చూసుకుని ఆ పని మొదలుపెట్టండి.

సైలెన్సరు చప్పుడు మార్చడం చట్టరీత్యా నేరం. ఆ పైన, అమ్మగారు వెనక కూర్చుని అంత దూరం ఆ మోత వినాలి. అలాయ్ చక్రాలు కూడా వద్దు. ఊచల చక్రాలే ఈ బండికి అందం, గతుకుల్లో ఊరట. ఒక్కొక్క ఊచనీ పానాతో తట్టి వినండి. బిగువైనది గణగణమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. టైర్లు మాత్రం మార్చి తీరాలి. అంచు మీద నాలుగంకెలుంటాయి: మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 3424 అంటే 2024లో 34వ వారం. మీ బండి టైర్లకు పువ్వు ఎంత ఉన్నా, ఆరేళ్ళు ఒకేచోట నిలబడ్డ రబ్బరు ఎండి పగిలి ఉంటుంది. ట్యూబులూ అంతే.

ఈ కాలపు కుర్రవాళ్ళు అందం చెడుతోందని మొట్టమొదట ఊడదీసి పారేసేది వెనక చీర గార్డు. మీ బండికి అది ఉందా, మొదటి మేస్త్రీ దాన్ని కూడా తీసెయ్యమన్నాడా, వ్రాయలేదు. అది ఉండి తీరాలి. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా మూసే కవచం ఉండాలని నిబంధనల్లోనే ఉంది. పట్టుకోవడానికి పిడీ, కాళ్ళు పెట్టుకోవడానికి స్టాండ్లూ కూడా. స్టాండ్ల రబ్బర్లు అరిగి నున్నబడితే మార్చండి. అరవై ఎనిమిదేళ్ళ కాలు జారితే మళ్ళీ పెట్టుకోవడం కష్టం. సీటు కింద స్పాంజి కొత్తది వేయించండి. హెల్మెట్టు ఇద్దరికీ. ఆవిడ తలకు సరిపోయేది షాపుకి తీసుకువెళ్ళి, కొప్పు వదులుచేయించి, పెట్టి చూసి కొనాలి. అంచనాతో తేకండి.

అన్నీ అయ్యాక ఒక్కరూ ద్వారకా తిరుమల వెళ్ళి రండి. మర్నాడు ప్రతి నట్టూ మళ్ళీ బిగించండి. ఈ ఇంజను అదురు ఎలాంటిదంటే, బిగించిందల్లా మొదటి వంద కిలోమీటర్లలో ఒకసారి వదులవుతుంది. తరువాత రాజమండ్రి వెళ్ళి రండి. అలా అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ డ్రమ్ములు విప్పించి, షూలు ఎక్కడ ఒరుస్తున్నాయో మేస్త్రీకి చూపించండి. చెయిను లాకు మూసి ఉన్న వైపు, చెయిను పరుగెత్తే దిశకి ఉండాలి. ఒక్కసారి కళ్ళతో చూడండి. కొత్త క్లచ్చి కేబులు ఒకటి పాతదాని పక్కనే, అదే దారిన లాగి కట్టి ఉంచుకుంటే, తెగిన రోజున రెండు చివర్లూ తగిలించుకుంటే సరిపోతుంది.

ప్రయాణం మూడు రోజులుగా పెట్టుకోండి. మొదటిరోజు అన్నవరం, సుమారు 170 కిలోమీటర్లు. ఆవిడకు తెలిసిన ఊరు, తెలిసిన మెట్లు. రెండోరోజు విశాఖపట్నం. మూడోరోజు మాత్రం నా మాట వినండి. అమ్మగారిని ఉదయం కిరండూలు వెళ్ళే రైలు ఎక్కించండి. సొరంగాలూ లోయలూ ఆవిడ కిటికీలోంచి హాయిగా చూస్తారు. మీరు శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ఒక్కరే బండి మీద ఎక్కండి. కొత్తగా లేచిన బండి, కొత్తగా నేర్చిన కాలు, మొదటి ఘాటు, ఈ మూటికీ తోడు వెనక మనిషిని కూడా ఎక్కించుకోవడం న్యాయం కాదు. అరకు స్టేషను బయట బండి నిలబెట్టి ఉంచండి. అక్కడినుంచి పద్మాపురం తోటకీ, కాఫీ తోటల మధ్యకీ, ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ ఆవిడ ఆ బండి వెనకే కూర్చుంటారు. నాన్నగారు అన్నది అరకులో తిప్పుతాననే కదా.

దిగేటప్పుడు కూడా ఆవిడ రైలులోనే. ఆవిడ ఒప్పుకోకపోతే, డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకోవడానికి అనంతగిరి దగ్గర ఒక అరగంట ఆగండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే కాఫీ తాగి, చల్లారాకే కదలండి. నీళ్ళు మాత్రం పొయ్యకండి, పోత ఇనుము పగులుతుంది.